ఫ్లోరెన్స్‌లో తెల్ల జెలాటో కోసం

మా అమ్మాయి బొలోన్యాలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ జూన్‌లో తనకు రెండు పరీక్షల మధ్య ఐదు రోజులు ఖాళీ దొరికాయి. "వెనిస్ వెళ్దామా, రోమ్ వెళ్దామా అమ్మా?" అంటే నేను ఫ్లోరెన్స్ అన్నాను. ముప్ఫై ఏళ్లు పాల డెయిరీలో, అందులో చివరి పదేళ్లు ఐస్‌క్రీమ్ సెక్షన్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. రోజూ గెర్బర్ ట్యూబుల్లో వెన్న శాతం చూసి చూసి, జెలాటోకి, అంటే ఇటలీ వాళ్ల ఐస్‌క్రీమ్‌కి, పేరుపడ్డ ఊళ్లో దాన్ని ఎలా చేస్తారో ఒక్కసారి చూడాలని ఎప్పట్నుంచో కోరిక.

మావారికి షుగర్. "రోజుకు రెండు చెంచాలు. అంతకు మించి అడగను" అని విజయవాడలో విమానం ఎక్కకముందే మాటిచ్చారు. ఆ రెండు చెంచాలూ మంచివాటికే పడాలి కదా అని నా టెన్షన్.

మొదటి రోజు

బొలోన్యా నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో నలభై నిమిషాలు. దాదాపు దారంతా సొరంగాలే, కొండలు దాటుతున్నట్టే తెలియదు. సాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో దిగగానే వేడి ముఖాన కొట్టింది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలా ఊరు, గాలి ఆడదు. విజయవాడ వాళ్లకి ఎండ కొత్త కాదు గానీ ఇక్కడ రాళ్లు పరిచిన వీధులు కింది నుంచి కూడా కాలుస్తాయి.

సామాను గదిలో పెట్టి సాయంత్రం పోంతె వెక్కియో వైపు నడిచాం. ఇప్పుడున్న వంతెన 1345 నాటిది. అటూ ఇటూ బంగారం కొట్లు, మధ్యలో జనం. వంతెనకి కొంచెం ఇవతల ఒక జెలాటో దుకాణం, అద్దాల వెనక కొండల్లా పోసిన రంగులు. చిలకాకుపచ్చ, నీలం, పసుపు. ప్రతి గుట్ట మీదా ఒక పండు గుచ్చారు. అమ్మాయి వద్దంటూనే ఉంది. నేనే ఎండకి ఆగలేకపోయాను. ఏ సైజని అడగకుండా పెద్ద కోను నింపి చేతిలో పెట్టాడు. బిల్లు 14 యూరోలు. మన లెక్కలో 1,400 రూపాయల దాకా. ధరల బోర్డు ఎక్కడుందని అమ్మాయి అడిగితే లోపలి గోడకి, ఫ్రిజ్ వెనక చూపించాడు.

డబ్బు సంగతి అలా ఉంచితే నాకు బాధ కలిగించింది రుచి. మొదటి చెంచాకే అంగిలికి మైనంలా ఏదో అతుక్కుంది. నీళ్లు తాగినా వదల్లేదు. అది పాల కొవ్వు చేసే పని కాదు. పాల కొవ్వు నోటి వేడికి కరిగి జారిపోతుంది. గట్టిపరిచిన నూనెలే అలా పట్టుకుంటాయి. మన దగ్గర పాల కొవ్వుతో చేస్తేనే డబ్బా మీద ఐస్‌క్రీమ్ అని రాయాలి, నూనెతో చేస్తే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. బండి మీద కొనేటప్పుడు ఎంతమంది ఆ అక్షరాలు చూస్తారు? ఆ ఎత్తు కూడా ఒక గుర్తే. జెలాటో అంత గుట్టగా కరక్కుండా నిలబడాలంటే దానికి గాలీ, గట్టి కొవ్వూ, చిక్కబరిచే పొడులూ బాగా దట్టించాలి. అరటిపండుది పసుపుగా ఉండకూడదు, పండు నలిపితే వచ్చే మాసిన తెలుపులో ఉండాలి. పిస్తాది చిలకాకుపచ్చ కాదు, ఎండుటాకు కలిసినట్టుండే పచ్చ. పుదీనాది అసలు తెల్లగానే ఉండొచ్చు.

రాత్రి గదిలో కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా కెలకక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. జెలాటోలో ఆ మెతుకు ఫియోర్ ది లాత్తె. ఆ మాటకి అర్థం పాలపువ్వు. పాలు, క్రీమ్, పంచదార, అంతే. వెనిలా ఉండదు, గుడ్డు సొన ఉండదు, కోకో ఉండదు. పాలు మంచివి కాకపోతే దాచుకోడానికి చోటుండదు. ఏ దుకాణానికి వెళ్లినా ముందు ఆ తెల్లదే తినాలి, అది బాగుంటేనే రెండోది. మావారి మొదటి చెంచా కూడా దాంట్లోంచే.

రెండో రోజు

పొద్దున్నే సాంతా క్రోచె చర్చి. మావారు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశారు. గెలీలియో సమాధి ముందు చేతులు కట్టుకుని నిలబడి, మేం రెండుసార్లు పిలిచినా కదల్లేదు. మైకెలాంజెలో సమాధి ఎదురుగానే ఉంది. దాన్ని బయటికి వస్తూ చూశారు.

అక్కడికి రెండు సందుల అవతల వివోలి. 1930ల నుంచి ఒకే కుటుంబం పేరు మీద ఉన్న దుకాణం. వీధి పేరు వియా ఇజొలా దెల్లె స్తింకె. పూర్వం అక్కడ స్తింకె అనే జైలు ఉండేది. దాన్ని పడగొట్టిన చోట ఇప్పుడు వెర్ది థియేటరు ఉంది. మేం ఫోన్‌లో 7 నంబరు చూసుకుని వెళ్తే అది ఎవరిదో ఇంటి తలుపు. ఫ్లోరెన్స్‌లో ఇళ్లకి ఒక వరస నంబర్లు, దుకాణాలకి ఎర్ర రంగులో ఇంకో వరస. అడ్రసులో నంబరు పక్కన ఆర్ అని ఉంటే ఎర్రది వెతుక్కోవాలి. ఇది తెలియకపోతే ఒకే వీధిలో రెండుసార్లు తిరగాల్సిందే.

బయట పెద్ద క్యూ. అందరి చేతుల్లో ఫోన్లు. కప్పు లోపలి గోడకి జెలాటో మెత్తి, మధ్యలో వేడి కాఫీ పోసే అఫ్ఫొగాతో వీడియోలు చూసి వచ్చినవాళ్లే చాలామంది. మాకు కావాల్సింది అది కాదు గనక జెలాటో కౌంటర్‌కి వెళ్లాం. ఇక్కడ కోన్లు ఉండవు, మొదట్నుంచీ కప్పులోనే ఇస్తారు. నాకది నచ్చింది. కోను వాసన కలవకుండా పాల రుచి దానికదే తెలుస్తుంది.

తెల్లది నోట్లో పెట్టుకున్నాను. కాచి చల్లార్చిన పాల మీద మొదటి మీగడ కట్టే వేళ వంటింట్లో ఒక వాసన వస్తుంది చూడండి, అది వచ్చింది. తీపి దాని వెనక వచ్చింది. అంగిలి శుభ్రంగా ఉంది. మావారికి చెంచా అందించాను. ఆయన కళ్లు మూసుకుని "ఇది పాలు" అన్నారు. అంతకు మించి ఏమనాలి?

రెండోది రీజో. బియ్యం. పేరు చూసి అమ్మాయే తీసుకుంది. చిన్న చిన్న మెతుకులు, మెత్తగా ఉడికి, చల్లటి పాలల్లో తగులుతుంటే నాకు మా తెనాలి ఇంట్లో రథసప్తమి నాడు పాలు పొంగించి చేసే పరమాన్నం గుర్తొచ్చింది. బెల్లం, యాలకులు లేవు. పంచదార, పాలు, బియ్యం, అంతే. అయినా అదే మర్యాద, అదే నెమ్మది. రెండు చెంచాల లెక్క ఆ రోజు మూడైంది. నేనేం అనలేదు.

తెల్లది ఎందుకంత తేటగా ఉంటుందో ఇక్కడే చెప్పాలి. మన ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. జెలాటోలో సాధారణంగా అంతకంటే తక్కువ, 4 నుంచి 9 దాకా. కొవ్వు నాలుకకి దుప్పటిలా పరుచుకుంటుంది. అది పల్చబడేకొద్దీ అసలు రుచి త్వరగా తగులుతుంది. గాలి కూడా తక్కువ. ఫ్యాక్టరీ ఐస్‌క్రీమ్‌లో కొన్నిటిలో లీటరు మిశ్రమానికి ఇంచుమించు లీటరు గాలి ఎక్కిస్తారు. జెలాటోలో పాతిక, ముప్ఫై శాతం. అందుకే ఇక్కడి చిన్న కప్పు చేతికి బరువుగా తగులుతుంది. ఇంకోటి, దీన్ని మైనస్ 12 డిగ్రీల దగ్గర పెట్టి వడ్డిస్తారు. మన ఫ్రీజర్‌లో మైనస్ 18లో గట్టిపడ్డది తింటే నాలుక మొద్దుబారి, రుచి తెలిసేలోపే కరిగిపోతుంది.

సాయంత్రం వియా దెయి నేరి. ఆ వీధి పేరే పెట్టుకున్న జెలాటో దుకాణం ఉంది. తెల్లది బాగుంది, వివోలి అంత కాదు. ఇక్కడ నాకు నచ్చింది స్త్రాచ్చతెల్లా. కరిగించిన చాక్లెట్‌ను తిరుగుతున్న తెల్ల జెలాటోలోకి సన్నటి ధారగా పోస్తారు. అది చల్లదనానికి గడ్డకట్టి రేకులుగా విరిగిపోతుంది. బెర్గామో ఊళ్లో ఎన్రికో పనత్తోని అనే ఆయన 1961లో మొదలుపెట్టాడు. కప్పులు పట్టుకుని సాన్ రెమీజియో సందు మూల దాకా నడిచాం. అక్కడ గోడకి రెండు రాతి గుర్తులున్నాయి. ఆర్నో నది పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పేవి. ఒకటి 1333 నవంబరు 4, రెండోది 1966 నవంబరు 4. ఆరు వందల ఏళ్లు దాటినా అదే తేదీ. రెండూ మా తలలకి చాలా పైన ఉన్నాయి. బుడమేరు పొంగితే సింగ్‌నగర్‌లో ఏమవుతుందో చూసినవాళ్లం, ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు. కప్పులో జెలాటో కరిగిపోయింది.

మూడో రోజు

ఈ రోజు కోసమే నేను వచ్చాను.

బోబోలి తోట మెదిచీ ప్రభువులది. పిట్టీ ప్యాలెస్ వెనక కొండ మీదికి ఎక్కుతుంది. దాని ఒక మూలన పెద్ద గుహ ఉంది, 1583 నుంచి 1593 వరకు బెర్నార్దో బువొన్‌తాలెంతి కట్టించింది. గోడల నిండా సున్నపురాయి ధారలు, కరుగుతూ కరుగుతూ ఆగిపోయినట్టు. వాటిలోంచి గొర్రెలు, కాపరులు బయటికొస్తుంటారు. మూలల్లో మైకెలాంజెలో ఖైదీల బొమ్మల నకళ్లు. అసలువి అకాడెమియా మ్యూజియంలో ఉన్నాయి.

జెలాటో అంటే ఫ్లోరెన్స్ వాళ్లు మొదట చెప్పే పేరు ఈ బువొన్‌తాలెంతిదే. ఆయన వాస్తుశిల్పి, కోటలు కట్టేవాడు, రాజుగారి విందులకి నాటకాలూ బాణసంచా ఏర్పాటు చేసేవాడు. తిరుగుడు బాణసంచా వల్ల ఆయనకి బెర్నార్దో దెల్లె జిరాందోలె అనే పేరు కూడా పడింది. మంచు దాచే గదులు కట్టించడంలోనూ ఆయన చేయి ఉంది. పాలు, గుడ్డు సొన, పంచదార కలిపి మొదట గడ్డకట్టించింది ఆయనేనని ఊరంతా చెబుతుంది. కతెరీనా దె మెదిచీ పెళ్లయి ఫ్రాన్స్ వెళ్తూ వంటవాళ్లతోపాటు జెలాటోని తీసుకెళ్లిందన్న కథ కూడా చెబుతారు గానీ, దానికి ఆ కాలం నాటి ఆధారాలు లేవు. నా మట్టుకు నాకు ఎవరు మొదలుపెట్టారన్నదాని కన్నా, ఫ్రిజ్ లేని రోజుల్లో ఇంత ఎండలో ఎలా గడ్డకట్టించారన్నదే ముఖ్యం.

చలికాలంలో కొండల మీది మంచును తెచ్చి, మందపాటి గోడల గుంటల్లో గడ్డీ ఆకులూ పరిచి, తొక్కి, ఎండాకాలం దాకా దాచేవారు. కానీ ఉత్త మంచుతో పాలు గడ్డకట్టవు. తోటలో చెట్టు కింద రాతి బల్ల మీద కూర్చోబెట్టి మావారు అమ్మాయికి పాఠం చెప్పారు. "మంచు సున్నా దగ్గర ఉంటుంది. పాలల్లో పంచదార ఉంది, అవి గడ్డకట్టాలంటే సున్నా కన్నా కిందికి పోవాలి. మంచులో ఉప్పు వేస్తే మంచు కరగడం మొదలుపెడుతుంది. కరగడానికి వేడి కావాలి. ఆ వేడి ఎక్కణ్ణుంచి లాక్కుంటుంది? పక్కనున్న గిన్నెలోంచి. పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా దిగొచ్చు."

నాకు ఆ పాఠం పుస్తకంలో అక్కర్లేదు. చిన్నప్పుడు తెనాలిలో రాత్రి తొమ్మిదింటికి కుల్ఫీ బండి గంట మోగేది. పెద్ద కుండకి ఎర్రగుడ్డ చుట్టి ఉండేది. లోపల పగలగొట్టిన ఐసు, దాని మీద గుప్పిళ్లతో కళ్లుప్పు. అందులో రేకు గొట్టాలు, వాటి మూతలకి పిండిముద్ద అతికించి ఉండేది ఉప్పునీళ్లు లోపలికి దిగకుండా. బండతను చెయ్యి మోచేతి దాకా ముంచి ఒక గొట్టం తీసి, అరచేతుల మధ్య గబగబా తిప్పి, మూత ఊడబెరికి, పుల్ల గుచ్చి ఇచ్చేవాడు. ఆ చేతులు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేవి. ఉప్పు, ఐసు, పాలు. ఆ కుండలో ఉన్నదీ ఇక్కడి రాజుగారి వంటింట్లో ఉన్నదీ ఒకటే విద్య.

ఇంకో సంగతి. బువొన్‌తాలెంతి బతికిన కాలమే అక్బరుది. అక్బరు దగ్గర పెట్లుప్పు కలిపిన నీళ్లలో కూజాలు తిప్పి తాగునీళ్లు చల్లబరిచేవారని ఐనే అక్బరీలో ఉంది. బాణసంచాలో పడేదీ ఆ పెట్లుప్పే. మన దక్షిణాదికి వస్తే, అమెరికా చెరువుల్లో కోసిన ఐసు ఓడల్లో మద్రాసు దాకా వచ్చేది. దాన్ని దాచిన ఐస్ హౌస్ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. తర్వాత వివేకానందుడు అందులో బస చేశాడు గనక ఆయన పేరు పెట్టారు. చల్లదనం కోసం మనుషులు ఎంత దూరం పోయారో తల్చుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

ఎండ తగ్గాక బస్సులో వియాలె దెయి మిల్లె వెళ్లాం. ఫుట్‌బాల్ స్టేడియం వైపు, టూరిస్టులు పల్చబడే పేట. అక్కడ బాదియాని, 1932 నాటిది. బువొన్‌తాలెంతి అన్న పేరుతోనే ఒక రుచి చేస్తారు, దానికి ప్రసిద్ధి. లేత మీగడ రంగు, చెంచాకి సాగుతుంది, గుడ్డు సొన చిక్కదనం తెలుస్తుంది. మొదటి మూడు చెంచాలు అద్భుతం. ఆ తర్వాత నాకు బరువనిపించింది. పెళ్లి భోజనంలో జున్నులా కొంచెం తినాల్సింది అది, కప్పు నిండా కాదు. అమ్మాయి ఒప్పుకోలేదు, తనకి ఈ ఊళ్లో అదే గొప్పదట. గుడ్డు తినని వాళ్లు మాత్రం క్రెమా, బువొన్‌తాలెంతి లాంటి పేర్లున్న చోట ఆగి అడగాలి. గుడ్డుని ఉవొవొ అంటారు. పాలు, గుడ్డు, గింజల లాంటి 14 రకాల పదార్థాలు దేంట్లో ఉన్నాయో చెప్పాలని ఐరోపా చట్టం ఉంది కాబట్టి ప్రతి దుకాణంలోనూ జాబితా ఉంటుంది. మొహమాటం లేకుండా చూపించమనొచ్చు.

నాలుగో రోజు

పొద్దున టిఫిన్‌కి అకాడెమియా దగ్గరి వీధిలో సిసిలీ వాళ్ల దుకాణంలో బాదం గ్రానిటా, పక్కన గుండ్రటి బ్రియోష్ బన్ను. గ్రానిటా జెలాటో కాదు, పాలుండవు. గింజల పాలు, నీళ్లు, పంచదార. బన్ను పైనున్న చిన్న తలని విరిచి అందులో ముంచుకుని తినాలి. చాయ్‌లో బన్ను ముంచుకున్నంత సహజంగా ఉంది.

మధ్యాహ్నం నది దాటి ఒల్త్రార్నో. చెక్కపని చేసేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు ఇంకా ఉన్న పేట. పియాజా దెల్లా పస్సెరా అనే చిన్న కూడలిలో అదే పేరుతో చిన్న జెలాటో దుకాణం ఉంది. నిమ్మకాయ సొర్బెత్తో, అంటే పాలు లేకుండా పండురసంతో చేసేది, తిన్నాం. పుల్లదనం పళ్లు జివ్వుమనేలా కాక, నిమ్మతొక్క గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసనలా ఉంది. కూడలి మధ్య బెంచీ మీద కూర్చుని తిన్న పావుగంట, ఎండ గుర్తు రాలేదు.

అక్కడి నుంచి మా అమ్మాయి స్నేహితుడు పనిచేసే చోటికి వెళ్లాం. గుంటూరు కుర్రాడు, చదువుకుంటూ ఒక జెలాటో దుకాణంలో సాయంత్రాలు పని. వాళ్ల యజమానురాలిని అడిగి మమ్మల్ని వెనక గదిలోకి రానిచ్చాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. "ఆంటీ, మీరు డెయిరీలో చేశారట కదా, చూడండి" అంటూ ఒక్కొక్కటీ చూపించాడు.

గది మా ఇంటి వంటింటి కన్నా చిన్నది. తూకం గ్రాముల్లో. పంచదార ఒక గిన్నెలో, దాని పక్కన డెక్స్‌ట్రోజ్ అనే ఇంకో రకం చక్కెర ఇంకో గిన్నెలో. తీపి తక్కువగా ఉండి, గడ్డకట్టడాన్ని ఎక్కువగా ఆపుతుంది గనక డెక్స్‌ట్రోజ్ కొంచెం వేస్తారు. లేకపోతే జెలాటో చెంచాకి రాయిలా తగులుతుంది. చిటికెడు కారబ్ గింజల పిండి, నీళ్లను పట్టి ఉంచడానికి. మిశ్రమాన్ని 85 డిగ్రీలకి వేడిచేసి, 4 డిగ్రీలకి దింపి, కొన్ని గంటలు ఊరనిస్తారు. మా ప్లాంటులో ఏజింగ్ ట్యాంకు అనేవాళ్లం. ఇక్కడ అది బిందె అంత ఉంది. ఉద్దేశం మాత్రం అదే, కొవ్వు గట్టిపడి, పిండి నానాలి.

మంతెకతోరెలో పోశారు. చిలికే యంత్రం. లోపల బ్లేడు గోడకి అంటుకున్న సన్నటి మంచును గీకుతూ తిరుగుతుంది. మొదట పాలు చిందే చప్పుడు, ఆ తర్వాత మెత్తటి దెబ్బల చప్పుడు, చివరికి మోటారు గొంతు బరువెక్కింది. పది నిమిషాల్లోపే. ఆ గొంతు మారడం వినగానే యజమానురాలు వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. గడియారం వైపు చూడలేదు, చెవితోనే పట్టుకుంది. కింద తలుపు తెరిస్తే తెల్లటి పట్టీ జారింది, మడతలు మడతలుగా, మెరుపు లేకుండా, ఆరబెట్టిన పంచెలా. పొడవాటి రేకు గరిటెతో దాన్ని అందుకుని, డబ్బాలో ఒక్కో మడతా పడేస్తూ అంచుల్ని నొక్కింది. చివరి మడతని డబ్బాలో వెయ్యలేదు. గరిటెతోనే నా కప్పులోకి వంచింది.

అప్పుడే దిగిన ఫియోర్ ది లాత్తె అది. మేం వెతికింది ఇదే. ఇంకా గట్టిపడలేదు, చల్లదనం కూడా పదునుగా లేదు. పట్టులా నాలుక మీద పరుచుకుని, పోతూ పోతూ పచ్చిగడ్డి వాసన వదిలింది. పాలెక్కడివని అడిగితే కొండ వైపు చేత్తో చూపించింది. నేను నా చేతుల్ని, గెర్బర్ ట్యూబు ఊపే తీరుని సైగ చేసి చూపిస్తే ఆమెకి అర్థమైంది. నా మోచెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. కుర్రాడు మధ్యలో అనువాదం చెయ్యబోయి ఊరుకున్నాడు.

మావారు రెండు చెంచాలే తిన్నారు, చాలా నెమ్మదిగా.

ఆ రాత్రి జుక్కొత్తో కూడా తిన్నాం. కేకు ముక్కల్ని అల్కెర్మెస్ అనే ఎర్ర మద్యంలో తడిపి, గోపురంలా పేర్చి, లోపల క్రీమ్ నింపి చల్లబరిచే ఫ్లోరెన్స్ మిఠాయి. చూడ్డానికి ఈ ఊరి పెద్ద చర్చి డువోమో గోపురమే. అల్కెర్మెస్‌కి ఆ ఎరుపు పూర్వం పురుగుల నుంచి తీసిన రంగుతో వచ్చేది, ఇప్పటికీ కొన్నిటిలో అదే. శాకాహారులు తెలుసుకుని తినాలి. రుచి నాకు ఆనలేదు, సాయంత్రపు పాలు ఇంకా నోట్లోనే ఉన్నాయి.

ఐదో రోజు

రైలు మధ్యాహ్నం రెండింటికి. పొద్దున వియా దెయి తవొలీని వీధిలో పెర్కె నొ దగ్గర ఆగాం. 1939 నాటి దుకాణం. ఆ పేరుకి అర్థం "ఎందుక్కాదు!" అని. తెల్లది వివోలితో సమానమే అనుకుంటాను. కప్పు చిన్నది 3 యూరోల చిల్లర, ధర కౌంటర్ దగ్గరే రాసి ఉంది. మొదటి రోజు కోను గుర్తొచ్చి అమ్మాయి చేత్తో సైజు చూపిస్తూ "పిక్కొలో" అని రెండుసార్లు చెప్పింది. చిన్నది అని ముందే చెప్పడం ఈ ఊళ్లో నేర్చుకోవాల్సిన మొదటి మాట.

తర్వాత మళ్లీ నది దాటాం. నిన్నటి దుకాణంలో అరకిలో కొన్నాం, తెల్లది మాత్రమే. ఇంటికి తీసుకెళ్లడానికి థర్మోకోల్ డబ్బాలో తూకం వేసి ఇస్తారు. గంటసేపు ఆగుతుందని కుర్రాడు చెప్పాడు. యజమానురాలు డబ్బా చుట్టూ కాగితం ఇంకో రెండు చుట్లు చుట్టింది.

రైల్లో డబ్బా నా ఒళ్లోనే పెట్టుకున్నాను. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా మావారు "ఎలా ఉంది?" అని అడిగారు. బొలోన్యాలో స్టేషన్ నుంచి అమ్మాయి గది దాకా ఎండలో గబగబా నడిచాం. తన రూమ్మేట్లు ఇద్దరూ, ఒకమ్మాయి వరంగల్, ఒకమ్మాయి కేరళ, గిన్నెలు పట్టుకుని వంటింట్లో సిద్ధంగా ఉన్నారు. మూత తీస్తే అంచులు పాలైపోయాయి, మధ్యలో మాత్రం ఇంకా నిలిచి ఉంది. మధ్యలోది ఐదు గిన్నెల్లో పెట్టాను. అంచుల్లో కరిగిన పాలు వరంగల్ అమ్మాయి గ్లాసులో వంపుకుని, గోడకి ఆనుకుని నిలబడి, ఒక్క గుక్కలో తాగేసింది.